న్యాయవాది ప్రకాశము పంతులుగారు

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి నామము వినినంతనే తుపాకికి ఎదురొడ్డిన వక్షఃస్థలము తెలుగువారికి స్ఫురించును. ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రియైన వృద్ధమూర్తి కన్నులయెదుట నిలుచును. కాని ఆ ధైర్యమునకు పదును పెట్టినదియు, ఆ వాక్కునకు బలము కూర్చినదియు న్యాయస్థానము. రాజకీయములలో పూర్తిగా ప్రవేశించుటకు పూర్వము ఆయన సుమారు ఇరువది యైదేండ్లు న్యాయవాదిగా జీవించిరి. ఆ కాలపు చరిత్ర ఒక్క పంతులుగారి చరిత్ర మాత్రమే కాదు. పల్లెలోని రైతు తన పొలముగట్టు తగవు తీర్చుకొనుటకు ఎన్ని మెట్లెక్కవలసి యుండెనో, ఎంత దూరము పోవలసి యుండెనో తెలుపు చరిత్ర కూడ నదియే.

పంతులుగారు ఆంగీరస నామ సంవత్సర శ్రావణ మాసమున, అనగా 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన, వినోదరాయునిపాలెమున జన్మించిరి. అది నాడు నెల్లూరు జిల్లాలోని ఒంగోలు తాలూకాకు చేరిన చిన్న గ్రామము. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. పదునొకండేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. సంసారభారమంతయు తల్లిపై బడెను. ఆమె ఒంగోలు చేరి, పూటకూళ్ల యిల్లు నడపి బిడ్డలను పెంచినది. కోర్టు పనులపై పట్టణమునకు వచ్చిన పల్లెవారు అట్టి యిండ్లలోనే భోజనము చేయుచుండెడివారు. వ్యాజ్యెము వేసినవాని ముఖమెట్లుండునో, ఓడినవాని ముఖమెట్లుండునో ఆ బాలుడు ధర్మశాస్త్రము చదువకమునుపే చూచియుండును.

బాల్యమున పంతులుగారు మిక్కిలి అల్లరివాడు. దుష్టసాంగత్యమునకు లోనై తిరిగినట్లు ఆయనయే తరువాతి కాలమున దాచక వ్రాసికొనిరి. పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయలు సమకూర్చుటయే ఆ యింట గండమైనది. అట్టి బాలుని చేయి పట్టుకొని నడిపించినవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. ఆయన ఉపాధ్యాయుడు, నాటకప్రియుడు. ఒంగోలునుండి రాజమహేంద్రవరమునకు తాను తరలిపోవుచు శిష్యుని కూడ వెంట గొనిపోయి ఎఫ్.ఏ. తరగతిలో చేర్పించెను. అచ్చట చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు వ్రాసిన నాటకములలో ప్రకాశము వేషములు వేయుచుండెను. సభను చూచి జంకకుండుట, కంఠము దూరమునకు వినిపించుట, ఎదుటివాని మాటకు వెనువెంటనే బదులిచ్చుట అను మూడు గుణములు రంగస్థలముననే ఆయనకు అలవడినవి. ఆ మూడును తరువాత కోర్టులో అక్కరకు వచ్చినవి. నాయుడుగారే ఆయనను మదరాసునకు పంపి న్యాయశాస్త్రము చదివించిరి. అచ్చట ఉత్తీర్ణుడై రెండవ తరగతి ప్లీడరు పట్టా సంపాదించి, కొలదికాలము ఒంగోలున వృత్తి నడపి, 1894లో పంతులుగారు మరల రాజమహేంద్రవరము చేరిరి.

రెండవ తరగతి ప్లీడరు అను మాట నేటి యువకులకు తెలియదు. దానిని కొంత వివరింపవలెను. మదరాసు హైకోర్టు 1862లో ఏర్పడినది. అంతకు మునుపు సదరు అదాలతు, జిల్లా కోర్టులు ఉండెడివి. హిందూ ధర్మశాస్త్రము చెప్పుటకు పండితులును, మహమ్మదీయ ధర్మము చెప్పుటకు మౌల్వీలును న్యాయాధిపతుల చెంత కూర్చుండెడివారు. ఆ పదవులు 1864లో రద్దయినవి. పిమ్మట శాసన గ్రంథములను, తీర్పుల సంపుటములను చదివిన వకీలుకే ప్రాధాన్యము కలిగెను. 1879లో వచ్చిన శాసనము న్యాయవాదులకు పరీక్షలు, పట్టాలు, తరగతులు ఏర్పరచెను. అందరికంటె పైన ఇంగ్లండునుండి వచ్చిన బారిష్టరు. ఆ క్రింద పట్టపరీక్ష, న్యాయపరీక్ష యిచ్చి హైకోర్టులో పేరు నమోదైన వకీలు. ఆ క్రింద మొదటి తరగతి ప్లీడరు. అందరికంటె క్రింద రెండవ తరగతి ప్లీడరు. అతడు క్రింది కోర్టులలో మాత్రమే వాదింపవచ్చును. హైకోర్టు గడప అతనికి నిషిద్ధము.

ఈ తరగతుల వలన ప్లీడరుకు గౌరవభంగము మాత్రమే కలిగెను. కక్షిదారునకు ధననష్టము కలిగెను. గ్రామమున మొదలైన తగవు జిల్లా మునసబు కోర్టున దావాగా దాఖలగును. సాక్షులు తెలుగున చెప్పుదురు, కరణము వ్రాసిన లెక్కలు తెలుగున నుండును, దస్తావేజులు తెలుగున నుండును. అచ్చటినుండి అప్పీలు జిల్లా కోర్టునకు పోవును. మరియొక అప్పీలు మదరాసునకు పోవును. ఇక నచ్చట తెలుగు కాగితములన్నియు ఇంగ్లీషులోనికి తర్జుమా కావలెను, అచ్చు పడవలెను. ఆ ఖర్చు కక్షిదారుడు భరింపవలెను. మొదటినుండి వ్యాజ్యెము నడపి, దాని లోతుపాతులెరిగిన ప్లీడరు అచ్చట నోరు మెదపరాదు. ఆ భూమిని చూడని వేరొక న్యాయవాదికి సంగతియంతయు విప్పిచెప్పి, రెండవమారు ఫీజు చెల్లించి, వెనుక నిలిచి వినవలెను. గోదావరిపై రైలువంతెన 1900లో పూర్తియగువరకు రాజమహేంద్రవరపు కక్షిదారుడు ముందుగా ఏరు దాటి మరీ మదరాసు దారి పట్టవలసియుండెను. పది యెకరముల పొలమునకై మొదలిడిన వ్యాజ్యెము అయిదెకరములను మ్రింగుట ఆ దినములలో వింత కాదు.

ఇట్టి స్థితిలో పంతులుగారు రాజమహేంద్రవరమున వృత్తి సాగించిరి. గోదావరి మండలము జమీందారీలకు, లంకభూములకు, కాలువల క్రింది మాగాణులకు నెలవు. భూమి ఫలించుకొలది తగవులును ఫలించును. అచటి న్యాయవాదులలో న్యాపతి సుబ్బారావు పంతులుగారివంటి ప్రముఖులుండిరి. వారి నడుమ ధనబలము లేక, బంధుబలము లేక వచ్చిన యువకుడు కొలదికాలముననే పేరును ధనమును గడించెను. తన పక్షము వాదించుటలో ఆయనకు మొగమోటము లేదు. ఎదుటివాడు గొప్పవాడని గొంతు తగ్గించుట లేదు. ఈ స్వభావము మిత్రులను కూర్చినది, శత్రువులను అంతకంటె ఎక్కువగా కూర్చినది. పట్టణ రాజకీయములలో ఆయన కక్షలు కొనితెచ్చుకొనిరి. ముందు వెనుకలు చూడని దుడుకుతనము ఆయన కడవరకు వదలని గుణము. అయినను 1904లో ముప్పదియొక యేండ్ల వయసుననే రాజమహేంద్రవరపు పురపాలక సంఘమునకు అధ్యక్షుడుగా ఎన్నికైరి. ఆ ఎన్నికలో నాయుడుగారు శిష్యునకు తోడుగా నిలిచిరి.

ఒక వ్యాజ్యెపు పనిమీద పంతులుగారు మదరాసు పోవుట తటస్థించెను. హైకోర్టులో వాదింపవలసిన బారిష్టరునకు ఆయన సంగతి యంతయు విడమరచి చెప్పిరి. ఆ పెద్దమనిషి ఈ యువకుని ప్రతిభకు ఆశ్చర్యపడి, స్వయముగా బారిష్టరు కావలసినదని సలహా యిచ్చెను. పంతులుగారి హృదయమున ఆ మాట నాటుకొనెను. తాను కూర్చిన వాదమును వేరొకరు పలుకుచుండగా వెనుక నిలువవలసిన దుఃస్థితి ఆయనకు అప్పటికే తెలియును. ఇంటిలో భార్య హనుమాయమ్మగారు, వృద్ధురాలైన తల్లి. చేతిలో సాగుచున్న వృత్తి, పట్టణమున ప్రథమ స్థానము. సముద్రము దాటినవానిని సంఘమునుండి వెలివేయు ఆచారము ఇంకను తొలగని దినములవి. అన్నిటిని త్రోసిపుచ్చి ఆయన 1904లోనే ఇంగ్లండునకు ఓడయెక్కిరి. మాంసము, మద్యము, పొగాకు ముట్టనని తల్లికి ప్రమాణము చేసి పోయిరి.

లండనులో ఆయన కేవలము పుస్తకములకు అంకితులు కాలేదు. భారతీయుల సంఘములలో పాల్గొనుచు, దాదాభాయి నౌరోజీ మహాశయుడు పార్లమెంటు సభ్యత్వమునకు పోటీ చేసినప్పుడు ఆయన విజయమునకై పని చేసిరి. ఆ ఎన్నికలో నౌరోజీ గెలువలేదు. కాని ఏలువారి దేశముననే నిలిచి ఏలికల తప్పును చెప్పవచ్చునను ధైర్యము ఆంధ్ర యువకునికి అబ్బినది. బారిష్టరు పరీక్షలో యోగ్యతాపత్రముతో ఉత్తీర్ణులై, 1907లో స్వదేశమునకు మరలి, మదరాసు హైకోర్టులో వృత్తి ఆరంభించిరి.

అప్పటికి మదరాసు హైకోర్టులో ధనమును కీర్తిని గడించినవారు అధికముగా దొరలు, వారి తరువాత అరవవారు. ఉత్తర సర్కారులనుండి, దత్తమండలములనుండి వ్యాజ్యెములు వేలకొలది పోవుచున్నను, అచ్చట పేరెన్నికగన్న తెలుగు బారిష్టర్లు మిక్కిలి అరుదు. తెలుగు కక్షిదారునకు తన గోడు తన భాషలో వినిపించుకొనుటకు మనిషి లేడు. పంతులుగారు ఆ లోటును తీర్చిరి. ఆయన మునసబు కోర్టు బల్లలపై పాఠము నేర్చినవాడగుటచే, క్రింది కోర్టు కాగితములలో ఏ లెక్క యెందులకు వ్రాయబడినదో, ఏ సాక్షి యెందులకు తడబడెనో ఇట్టే గ్రహించెడివారు. బారిష్టరు పట్టా ఆయనకు ప్రవేశము నిచ్చినది; ఆయనను నిలిపినది మాత్రము పల్లెటూళ్ల వ్యాజ్యెముల అనుభవమే. సివిలు వ్యవహారములందును, క్రిమినలు వ్యవహారములందును ఆయన సమర్థుడని పేరు వచ్చెను. లా టైమ్సు అను న్యాయశాస్త్ర పత్రికకు సంపాదకత్వము కూడ వహించిరి.

1911వ సంవత్సరము జూను 17వ తేదీన తిరునల్వేలి కలెక్టరు ఆష్ దొరను మణియాచి రైలు స్టేషనులో వాంచినాథుడను యువకుడు కాల్చిచంపి, తానును కాల్చుకొని మరణించెను. కుట్ర నేరము మోపి ప్రభుత్వము పలువురిని విచారణకు తెచ్చెను. ఆ విచారణ హైకోర్టులోని ముగ్గురు న్యాయమూర్తుల సమక్షమున జరిగెను. అట్టి కేసులో ముద్దాయి పక్షము వహించిన న్యాయవాదికి ఏలినవారి ఆగ్రహము తప్పదు. ఆ భయమును లెక్క చేయక ముద్దాయిల పక్షమున నిలిచిన న్యాయవాదులలో పంతులుగారు ఒకరు. బిపిన చంద్రపాలుగారు మదరాసున ఉపన్యసించినప్పుడును ఇతరులు వెనుదీయగా అధ్యక్షపీఠము నెక్కినవారు ఈయనయే. న్యాయవాది యనగా ఫీజు పుచ్చుకొని మాటలాడువాడు మాత్రమే కాదని, ఎవ్వరును నిలువనివాని ప్రక్కన నిలుచువాడని ఆయన చేతలలో చూపిరి.

ఇట్లు పదునాలుగేండ్లు గడచినవి. వృత్తి మహోన్నతస్థితిలో నున్నది. ఆస్తులు పెరిగినవి. అంతలో గాంధీమహాత్ముడు సహాయ నిరాకరణమునకు పిలుపిచ్చి, న్యాయవాదులను కోర్టులు విడువుడని కోరెను. పలువురు కొన్ని నెలలు విడిచి మరల ప్రవేశించిరి. మరికొందరు ఒక కాలు లోపల, ఒక కాలు వెలుపల ఉంచిరి. పంతులుగారు 1921లో వృత్తిని విడిచి, మరల దానిని జీవనాధారముగా చేసికొనలేదు. ఏ గడప దాటుటకై తల్లిని, భార్యను విడిచి సముద్రము దాటిరో, ఆ గడపనే తమంతట తాము దాటి వెలుపలికి వచ్చిరి. ఆ సంవత్సరమే స్వరాజ్య పత్రికను స్థాపించిరి. అది ఇంగ్లీషు, తెలుగు, అరవ భాషలలో వెలువడెను. ఖాసా సుబ్బారావుగారివంటి ప్రతిభావంతులు అందు పనిచేసిరి. పత్రిక వాసికెక్కినది గాని లెక్కలు నిలువలేదు. జమ కొంచెము, ఖర్చు కొండంత. పంతులుగారికి ధనమును ఆర్జించుట తెలిసినంతగా నిలుపుట తెలియదు. న్యాయవాదిగా సంపాదించినది క్రమముగా ఆ పత్రిక క్రింద కరిగిపోయెను. ఇందు ఆయన వ్యవహారదక్షతకు లోపము చెప్పవచ్చును. చిత్తశుద్ధికి మాత్రము చెప్పరాదు.

1928వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన సైమను సంఘము భారతదేశమున అడుగిడిన దినమున మదరాసులో హర్తాళము జరిగెను. హైకోర్టునకు ఎదుటనున్న ప్యారీ మూలవద్ద కాల్పులు జరిగి ఒక యువకుడు కూలెను. మృతదేహమును చూడబోయిన పంతులుగారిని సైనికులు తుపాకులు చూపి అడ్డగించిరి. ఆయన అంగీ తొలగించి రొమ్ము చూపి, కాల్చుకొమ్మని ముందడుగు వేసిరి. తుపాకి ప్రేలలేదు. దారి విడువబడెను. ఆంధ్రకేసరియను బిరుదు నాటినుండి జనుల నాలుకలపై నిలిచినది. పదునాలుగేండ్లు తాను వాదించిన న్యాయస్థానపు నీడలోనే, శాసన గ్రంథమేదియు లేకయే, ఆయన వాదించిన వ్యాజ్యెమది.

వృత్తిని విడిచినను ఆయనలోని న్యాయవాది నిద్రింపలేదు. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున పంతులుగారు రెవిన్యూ మంత్రియైరి. జమీందారీ రైతుల కష్టములను విచారించు సంఘమునకు అధ్యక్షులైరి. ఆ విచారణలో ఆయన 1802వ సంవత్సరపు రెగ్యులేషనుల వరకు వెనుకకు పోయిరి. శాశ్వత పైసలాను ఏర్పరచిన 25వ రెగ్యులేషను, కరణముల విధులను తెలుపు 29వ రెగ్యులేషను, పట్టాలను గూర్చిన 30వ రెగ్యులేషను ఆ యేటివే. వానిని కలిపి చదివిన పిమ్మట ఆ సంఘమున అధికసంఖ్యాకులు తేల్చిన సారమేమనగా, భూమికి సొంతదారుడు రైతు. జమీందారు శిస్తు వసూలు చేయు హక్కు మాత్రమే గలవాడు. శిస్తు 1802 నాటి పరిమాణమునకు తగ్గవలెను. 1908వ సంవత్సరపు ఎస్టేటు భూముల చట్టము రైతునకు సాగుహక్కు నిచ్చినది గాని, సొంతదారుడని ఒప్పుకొనలేదు. పంతులుగారి నివేదిక ఆ మాటను బాహాటముగా పలికినది. మంత్రివర్గము 1939లో రాజీనామా చేయుటచే అది అప్పుడు శాసనరూపము దాల్చలేదు. కాని 1948లో జమీందారీలు రద్దు చేయబడుటకు బాట వేసిన పనులలో అది ముఖ్యమైనది. ఒక రైతు పక్షమున, ఒక దావాలో, ఒక ఫీజునకు వాదింపవలసిన విషయమును ఆయన లక్షలాది రైతుల పక్షమున ఫీజు లేక వాదించిరి.

చెరసాలలు, పదవులు ఒకదాని వెంట నొకటి వచ్చిపోయినవి. 1946లో మదరాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రియై, మరుసటి యేట ఆ పదవిని కోల్పోయిరి. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా అవతరించినప్పుడు, ఎనుబదియొక యేండ్ల వృద్ధుడైన పంతులుగారు ప్రథమ ముఖ్యమంత్రియైరి. రాష్ట్రము వచ్చినను హైకోర్టు వెంటనే రాలేదు. ఆంధ్రుల అప్పీళ్లు ఇంకను మదరాసుననే విచారింపబడుచుండెను. రాజధానియు హైకోర్టును ఒకేచోట నుండరాదని, రాయలసీమవారికి కోరుకొను హక్కు నిచ్చుచు 1937లో శ్రీబాగు ఒడంబడిక జరిగియుండెను. రాజధాని కర్నూలునకు పోగా హైకోర్టు గుంటూరునకు వచ్చినది. 1954వ సంవత్సరము జూలై 5వ తేదీన కోకా సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తిగా అది ప్రారంభమాయెను. మదరాసు హైకోర్టు స్థాపింపబడిన తొంబదిరెండేండ్లకు మదరాసు సీమలోని తెలుగువారికి తమ గడ్డపై హైకోర్టు ఏర్పడినది. హైకోర్టులో నోరు విప్పరాని రెండవ తరగతి ప్లీడరుగా జీవితము ఆరంభించినవాడు ముఖ్యమంత్రిగా నుండగా ఇది జరుగుట కాలము తీర్చిన న్యాయము.

ఆ యేడు నవంబరులోనే మద్యనిషేధ విషయమున ఆయన మంత్రివర్గము పతనమైనది. పదవి పోయిన పిమ్మటను పంతులుగారు ఇంట కూర్చుండలేదు. మండుటెండలో గ్రామములు తిరుగుచు, ఒంగోలు ప్రాంతమున ఒక హరిజనవాడకు పోయినప్పుడు వడదెబ్బ తగిలి, హైదరాబాదు ఆసుపత్రిలో 1957వ సంవత్సరము మే 20వ తేదీన పరమపదించిరి. లక్షలార్జించిన బారిష్టరు కడపట మిగిల్చిన సొమ్ము లేదు. లోకపు లెక్కలో ఆయన ఖాతా నిల్వ శూన్యము. కృష్ణపై విజయవాడ ఆనకట్ట ఆయన పేర నిలిచినది. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరే పెట్టబడినది.

ఆయన చూచిన కోర్టుల తీరు కాలక్రమమున మారినది. 1926వ సంవత్సరపు చట్టము హైకోర్టులో వకీలునకును బారిష్టరునకును గల అంతరమును తొలగించెను. 1961వ సంవత్సరపు అడ్వకేట్ల చట్టము తరగతులను తుడిచివైచి, న్యాయవాదులందరిని ఒకే వర్గముగా చేసెను. నేడు ఒక పల్లెలో పుట్టిన యువకుడు గాని యువతి గాని న్యాయశాస్త్రమున పట్టము పొంది, నియమిత పరీక్ష ముగించి, మునసబు కోర్టునుండి సుప్రీంకోర్టు వరకు ఏ కోర్టులోనైనను వాదింపవచ్చును. గుంటూరు హైకోర్టు 1956లో హైదరాబాదునకు తరలి, 2019వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశమునకు అమరావతిలో, గుంటూరు చెంతనే, మరల వేరుగా నెలకొన్నది. రైలెక్కవలసిన దూరము తగ్గినది. అయినను వ్యాజ్యెముల కాలదైర్ఘ్యము, ఖర్చు, పై కోర్టులలో పరభాష అను మూడు చిక్కులు పూర్తిగా తీరలేదు. అవి తీరువరకు పంతులుగారు మొదలిడిన వ్యాజ్యెము ముగిసినట్లు కాదు.

పంతులుగారు తమ బ్రతుకును నా జీవితయాత్ర యను పేర తామే వ్రాసికొనిరి. దాని చివరి భాగమును వారి అనుచరులు తెన్నేటి విశ్వనాథముగారు పూరించిరి. తమ అల్లరిని, అప్పులను, కక్షలను, పొరపాట్లను కప్పిపుచ్చకుండ, సాక్షి బోనులో నిలిచినవాని వలె పంతులుగారు చెప్పిన గ్రంథమది. మూడు రూపాయల పరీక్ష రుసుమునకు తడుముకొనిన పేదబాలుడు ఎంతవరకు ఎదుగగలడో, ఎదిగి ఎంతవరకు విడువగలడో తెలిసికొనగోరువారు దానిని చదువవలెను. ఊరి గ్రంథాలయమున అట్టి పుస్తకము ఒక్కటి బీరువాలో నిద్రింపక చేతులు మారుచున్నచో, పూటకూళ్లమ్మ కొడుకునకు ఆ ఊరు చేసిన స్మారకము అదియే.